ఏడడుగుల దడి

జగ్గమ్మ చిన్నమ్మకు బెంగాలీ వచ్చని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఆమె మాత్రం వచ్చనే అనేది. బెంగాల్ రేవు పక్క మెటియాబ్రుజ్‌లో ముప్పై ఏళ్లు కాపురం చేసినదానికి రాకపోవడానికి తనేమైనా మూగదా అని నా మీద ఎగిరేది. ఆమె దగ్గర ఒక సూత్రం ఉండేది. అది యూనియన్ గోవిందరాజు దగ్గర నేర్చుకున్నది. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా దిగిన ప్రతి ఆడమనిషికీ ఆయన మొదటిరోజే ఆ సూత్రం చెప్పేవాడు. మన మాటనే నోరు కాస్త గుండ్రంగా చుట్టి అంటే బెంగాలీ అయిపోతుందట. జలం జొల్ అయింది, ఫలం ఫొల్ అయింది, నది నొదీ, కథ కొథా, ఆఖరికి మన పద్మ కూడా వాళ్ల నోట్లో పొద్దో అయి కూర్చుంది, ఇంక నేర్చుకోవడానికి ఏముందని అడిగేవాడు.

నవ్వకండి. ఆ ఒక్క సూత్రంతో మా వీధి ఆడవాళ్లు సంసారాలు ఈదుకొచ్చారు. చిన్నమ్మ ఒకసారి కొట్టుకెళ్లి ‘పొప్పు’ కావాలని అడిగింది. కొట్టువాడు తెల్లమొహం వేసి, ఆమె వేలు ఎటు చూపిస్తోందో చూసి, ఆ బస్తాలోంచి కందిపప్పు తూచి ఇచ్చాడు. ఇంటికొచ్చి నా దగ్గర గొప్పలు పోయింది. వాడిచ్చింది నీ వేలు చూసి, నీ పొప్పు విని కాదు అన్నాను.

“నీకు సదువొచ్చింది గానీ బుద్ది రానేదు మేస్టారూ” అంది.

నేను ఆ వీధిలోనే పుట్టాను. వీధి చివరి తెలుగు బడిలో చదివి అందులోనే పంతులునయ్యాను. నన్ను మొలతాడుతో చూసినవాళ్లంతా ఇప్పుడు మేస్టారూ అని పిలుస్తూనే నువ్వు అంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. నిజమే. కానీ నా కోపం వల్ల ఆ వీధిలో ఎవరికీ ఇంత మేలు కూడా జరగలేదు. అది ఈ కథ చెబుతుంటే మీకే తెలుస్తుంది.

చిన్నమ్మ భర్త పేరు బైరాగి. ఓడల డాకుల దగ్గర సరుకు వేగన్లు నడిచే సైడింగు లైనులో పాయింట్స్‌మేన్‌గా చేశాడు. బండి ఏ పట్టా మీదికి మళ్లాలో ఆ మీట లాగే పని. వాళ్లది మా వరసలో ఆఖరి ఇల్లు, రేకుల ఇల్లు, వెనక చిన్న పెరడు, పెరడు దాటితే సైడింగే. ఇంట్లోంచి డ్యూటీకి ఆయన నడక అరవై అడుగులు కూడా ఉండేది కాదు. పిల్లలు పుట్టారు గానీ దక్కలేదు. చిన్నమ్మ దర్జీ కార్ఖానాల నుంచి షర్టుల మూట తెచ్చుకుని ఇంట్లో కాజాలు కుట్టి బొత్తాలు వేసేది. ఆయన డ్యూటీ, ఆమె సూది. పెద్దగా ఏమీ కోరుకోలేదు ఆ ఇద్దరూ.

రిటైరైన రెండో ఏడు ఆయనకు మతిమరుపు పట్టుకుంది. మొదట్లో మేమంతా నవ్వుకునే రకంగానే ఉండేది. తిని చెయ్యి కడుక్కుని, అన్నం పెట్టవేమే అని అడిగేవాడు. నన్ను చూసి మా నాన్న పేరుతో పిలిచి, రాత్రి డ్యూటీ ఎలా జరిగిందని పలకరించేవాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. సైడింగులో ఇంజను కూసిందంటే చాలు, ఎక్కడున్నా లేచి నిలబడి, డ్యూటీకి టైమైందని పెరటి నాలుగడుగుల దడి మీద కాలు వేసి అవతలికి దిగిపోయేవాడు. మనిషి పొడుగరి. నాలుగడుగులు ఆయనకు గుమ్మం లెక్క.

ఆ సైడింగు సంగతి మీకు చెప్పాలి. అక్కడ ఇంజను వేగన్లను చివరిదాకా లాక్కురాదు. ఒక తోపు తోసి వదిలేస్తుంది. అవి వాటంతటవే దొర్లుకుంటూ వస్తాయి. చప్పుడుండదు, కూత ఉండదు, ఆపేవాడు ఉండడు. ఎనభై ఏడులో, వానలు మొదలైన వారం, బైరాగి చిన్నాన్న వాటికి వీపు పెట్టి పట్టాల మధ్య నిలబడి లేని మీటను వెతుక్కుంటుంటే, ఒక కూలి చూసి చొక్కా పట్టి పక్కకు లాగాడు. వేగన్ తలుపు కొక్కెం భుజాన్ని చీల్చింది. పదకొండు కుట్లు పడ్డాయి. ఇంకోసారి దడి దాటితే మనిషి దక్కడని డాక్టరు చెప్పనక్కర్లేదు, మాకే తెలుసు.

ఇంట్లో పెట్టి గొళ్లెం వేస్తే సరిపోయేదిగా అని మీరంటారు. మేమూ అన్నాం. చిన్నమ్మ రోజూ పొద్దున్న కుట్టిన మూట కార్ఖానాలో అప్పగించి కొత్త మూట తెచ్చుకోవాలి. గంటన్నర పని, ఆ వేళకు వీధిలో అందరూ పనుల్లో ఉంటారు. మొదటిరోజు గొళ్లెం వేసి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన లోపల తలుపుకేసి తల బాదుకుంటున్నాడు. నుదురు చిట్లి కళ్లలోకి నెత్తురు కారుతోంది. రేకుల కింద ఎండకు ఒళ్లంతా చెమట. అదే పెరట్లో స్టూలు మీద కూర్చోబెడితే మాత్రం పసిపిల్లాడిలా కూర్చునేవాడు, ఇంజను కూసేదాకా. ఆ మనిషికి గాలి కావాలి, ఆకాశం కావాలి, దాటలేని దడి కావాలి. అంతే.

చిన్నమ్మ ఆయన్ని గోడకు ఆనించి నిటారుగా నిలబడమంది. ఆయన ఎందుకని అడగకుండా నిలబడ్డాడు. తల ఆరడుగులకొచ్చింది.

“అయితే ఏడడుగులు కావాల” అంది.

ఖిదిర్‌పూర్ నుంచి వెదురు గుంజలూ, దర్మాలూ తెచ్చాం. దర్మా అంటే మన తడకే, వెదురు బద్దల అల్లిక. ఇద్దరం కలిసి ఒక ఆదివారమంతా కట్టాం. నా చేతులు రెండూ పేళ్లు గుచ్చుకుని వాచిపోయాయి, ఆమె ఒక్కో పేడూ సూదితో తీస్తూ, సుద్దముక్క పట్టే సేతులు మరి, అని వేళాకోళం చేసింది. సాయంత్రానికి పెరడు చుట్టూ ఏడడుగుల దడి లేచింది. కూత వినబడగానే చిన్నాన్న లేచాడు, దడి దాకా వెళ్లాడు, అటూ ఇటూ తడిమాడు, తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ మొహం తుడుచుకుని ఆయనకు మంచినీళ్లు తీసుకెళ్లింది.

మూడు వారాలు కాకముందే వార్డు ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. కొలిచారు, రాసుకున్నారు, కాగితం ఇచ్చి పోయారు. సైడింగును ఆనుకున్న వరసలో ఏ దడీ, ఏ గోడా, ఏ కట్టుబడీ నాలుగడుగులు మించకూడదట. వంపు దగ్గర గార్డు జెండా ఊపితే డ్రైవరుకు కనబడాలట. మించినదాన్ని పదిహేను రోజుల్లో కోసేయాలి, లేదా మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. వార్డు కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది, అప్పుడు చూస్తుంది. దరఖాస్తు అందినట్టు రసీదు ఉంటే అప్పటిదాకా దడి జోలికి రారు.

రూలు చెడ్డదని నేను అనను. జెండా కనబడకపోతే ప్రాణాలు పోతాయి, అదీ నిజమే. కానీ పక్కనే గోనెసంచుల గోదాముకు ఎనిమిదడుగుల ఇటుక గోడ ఉంది, పైన సీసా పెంకులు కూడా గుచ్చారు. దాని మీదుగా జెండా ఎలా కనబడుతుందయ్యా అని ఆ టేపు మనిషిని అడిగాను. వాళ్లకు మినహాయింపు ఉంది అన్నాడు. మినహాయింపు ఉంటే గోడలోంచి చూపు దూరిపోతుందా అన్నాను. అతను నావంక జాలిగా చూసి టేపు చుట్టుకున్నాడు. చిన్నమ్మ నా మోచెయ్యి గిల్లింది.

ఎర్రజెండా సర్కారు వచ్చి అప్పటికి పదేళ్లు. వీధిలో కుళాయి పాడైనా, కొట్లాటైనా, పెళ్లైనా ముందు పార్టీ లోకల్ కమిటీ గుమ్మం ఎక్కాలి. గోవిందరాజు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. శ్యామల్ దా అని, అక్కడ మాట చెల్లే మనిషి. టీ ఇప్పించాడు. బైరాగిని తనకు బాగా తెలుసన్నాడు, సమ్మెలో పక్కన నిలబడ్డాడన్నాడు. అంతా విని, వార్డు ఆఫీసులో “దొర్ఖాస్తో” ఇవ్వండి, నేనూ ఒక మాట చెబుతాను అన్నాడు.

బయటికి రాగానే చిన్నమ్మ మొహం వెలిగిపోయింది. “ఇన్నావా మేస్టారూ? దరఖాస్తుని ఏటన్నాడు? దొర్ఖాస్తో. నాను సెప్పలేదా?” అంది. గోవిందరాజు మీసం దువ్వుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

మర్నాడు ఆమెతో వార్డు ఆఫీసుకు నేను వెళ్లాలి. బెంగాలీ చదవడం, రాయడం వచ్చినవాణ్ని మా వరసలో నేనే. కానీ ఆరోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. నేను రేపు వస్తాను చిన్నమ్మా అన్నాను. గడువు ఇంకా మూడు రోజులుంది కదా అన్నాను. ఆమెకు మూడు రోజులు లేవు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఎవరో రంపం పట్టుకుని వస్తున్నట్టే ఉందట. నేను వద్దన్నా వినకుండా ఉతికిన చీర కట్టుకుని ఒక్కతే వెళ్లింది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి నా గుమ్మంలో కూర్చుని ఉంది.

“అయిపోనాది మేస్టారూ. ఆ గుమాస్తా బాబు సేనా మంచోడు. తారాపద బాబంట. నన్ను కుర్సీ ఏసి కూకోబెట్టినాడు. నాకు రాయడం రాదంటే ఆయనే రాసినాడు. రాసి సదివి ఇనిపించినాడు గూడా. నా ఏలిముద్ర ఏసినాను” అంది.

“నువ్వేం చెప్పావు?”

“ఏటి సెప్తాను, ఉన్నదే సెప్పినాను. మా బుడో పారిపోతన్నాడు బాబూ, ఇంటి పిఛొనే సాత్ ఫుట్ దొడి కావాలి అన్నాను.”

బుడో అంటే ముసలాయన, పిఛొనే అంటే వెనక. ఆమె అన్నది నా చెవిన పడింది. పడింది గానీ నేను వినలేదు. ఇన్‌స్పెక్టరు నా హాజరుపట్టీలో తప్పు పట్టి వెళ్లాడు, నా బుర్రంతా అక్కడే ఉంది. రసీదు చూపించమన్నాను. చిన్న చీటీ. నంబరు, సీలు, తారీఖు. బాగుంది, దాచుకో అన్నాను. ఆమె దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి రేకుపెట్టె అడుగున పెట్టింది.

ఆ రెండు నెలలు ఆ ఇంటికి మంచి రోజులు. చిన్నమ్మ కార్ఖానాకు తలెత్తుకుని వెళ్లొచ్చేది. కత్తిరింపుల్లో పోయిన గుడ్డముక్కలు ఎర్రవీ ఆకుపచ్చవీ ఏరి తెచ్చి ఆయన చేతికిచ్చేది. ఆయన స్టూలు మీద కూర్చుని, కూత వినబడినప్పుడల్లా దడికేసి చూస్తూ పచ్చగుడ్డ ఊపేవాడు. డ్యూటీ చేసినంత తృప్తి ఆ మొహంలో. నేను పొద్దున్న బడికి వెళ్తూ తొంగిచూస్తే, లైన్ క్లియర్ అని నాకు కూడా పచ్చగుడ్డ ఊపేవాడు. చిన్నమ్మ బుగ్గలు కాస్త నిండాయి. రాత్రి నిద్ర పడుతోందని, ఇన్నాళ్లకు కలలు కూడా వస్తున్నాయని సిగ్గుపడుతూ చెప్పింది.

దసరా పూజ సెలవులకు ముందు పోస్టులో కవరు వచ్చింది. పోస్టుమేన్ వార్డు ఆఫీసుదని చెప్పగానే, లోపల ఏముందో తెలియకుండానే ఆమె కొట్టుకెళ్లి బతాసాలు కొనుక్కొచ్చి వీధిలో పంచింది. వద్దనే కాగితమైతే ఇంత తొందరగా రాదని గోవిందరాజు తీర్పు చెప్పాడు. నోట్లో బతాసాతో నేను కవరు చింపాను. వీధి వీధంతా నా చుట్టూ నిలబడింది.

అనుమతి ఇచ్చారు. ఆమె పేరు, ఇంటి నంబరు, ఏడడుగులు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ‘సదరు ఇంటి వెనక, బట్టల పని నిమిత్తం, రెండు గుంజల మీద ఏడడుగుల ఎత్తున ఒక దొడి కట్టుకొనుటకు ప్రత్యేక మినహాయింపు మంజూరు చేయడమైనది.’ నేను మళ్లీ చదివాను. ఇంకోసారి చదివాను. బతాసా నోట్లో కరగడం లేదు.

“సెప్పు మేస్టారూ, ఇచ్చినారా?”

“ఇచ్చారు.”

“మరి అలాగున్నావేటి?”

“చిన్నమ్మా, దొడి అంటే ఏమిటనుకున్నావు?”

“దడి.”

“దొడి అంటే తాడు.”

ఆమె నవ్వింది. నేను ఎప్పటిలా ఆటపట్టిస్తున్నానని అనుకుంది. ఆ నవ్వు మెల్లగా ఆగింది.

“నానేటి తాడు కోసం అడుగుతానా? తాడుకెవులైనా పరిమిషనడుగుతారా? నాను దడి అనే కదా అన్నాను. కాస్త ఆలలాగ అన్నాను” అంది. గోవిందరాజు వంక చూసింది. ఆయన నేలచూపులు చూస్తూ, దడిని బెంగాలీలో బేడా అంటారు సెల్లీ, అది నీకు తెలుసుననుకున్నాను అన్నాడు. ఆయన్ని నేను అక్కడే కొట్టేవాణ్ని. నన్ను నేను కూడా కొట్టుకునేవాణ్ని. పప్పు బస్తాకు వేలు చూపించినట్టు చూపించడానికి ఆఫీసులో దడి లేదు.

ఆ మధ్యాహ్నమే బడి ఎగ్గొట్టి వార్డు ఆఫీసుకు వెళ్లాం. తారాపద బాబు నిజంగానే మంచి మనిషి. లేచి చిన్నమ్మకు కుర్చీ వేశాడు. సంగతి విని మొదట నవ్వబోయాడు, మా మొహాలు చూసి నోరు మూసుకున్నాడు. “మాషీమా, మీరు దొడి అనే అన్నారు. ఏం పని చేస్తారంటే బట్టల పని అన్నారు. బట్టలు ఆరేసుకోవడానికి కాబోలు అనుకున్నాను. నాలుగడుగులు దాటితే తాడుకైనా అనుమతి కావాలి కదా. ముసలాయన పారిపోతాడని చెబితే, మీ కష్టం చెప్పుకుంటున్నారని అనుకున్నాను” అన్నాడు బెంగాలీలో. ఆయన తప్పేమిటి? ఆఫీసుకొచ్చిన ప్రతివాళ్లూ కష్టం చెప్పుకుంటారు. కష్టాన్ని దరఖాస్తులో రాయాలని ఎవరనుకుంటారు?

మళ్లీ రాసిద్దాం, ఈసారి నేను రాస్తాను అన్నాను. ఆయన రూళ్ల పుస్తకం తీసి చూపించాడు. ఒక ఇంటికి ఏడాదిలో ఒకటే మినహాయింపు. తాడుది ఇచ్చేశారు. పోనీ అది రద్దు చేసుకుంటామన్నాను. రద్దుకు కూడా కమిటీ కూర్చోవాలి, అది పూజ అయ్యాక, చలికాలంలో. ఈలోగా రసీదు మీద ఆగిన పాత నోటీసు ఈ అనుమతి రావడంతో మళ్లీ అమల్లోకి వచ్చింది. అంటే దడి కోసేస్తారు. ఆయన లోపలి ఆఫీసరు దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. రెండోసారి వచ్చి తలెత్తకుండా, “కొరార్ కిఛూ నేయ్” అన్నాడు. చేయగలిగిందేమీ లేదని.

నేను అరిచాను. గోదాము గోడ గురించి అరిచాను, మనిషి చస్తే ఎవరు రాసిస్తారని అరిచాను. జనం పోగయ్యారు. నౌకరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నమ్మ నన్ను బయటికి లాక్కొచ్చింది. అక్కణ్నుంచి లోకల్ కమిటీకి పోయాం. శ్యామల్ దా మళ్లీ టీ ఇప్పించాడు. మీకొక్కరికి రూలు వదిలితే రేపు వరస వరసంతా గోడలు లేపుతుంది, మనవాళ్లే రూలు తప్పితే ఎలా కామ్రేడ్ అన్నాడు. పూజ కానివ్వండి, చూద్దాం అన్నాడు. చిన్నమ్మ టీ తాగలేదు. కప్పు ఎత్తి మళ్లీ కింద పెట్టేసింది.

నాలుగో రోజు రంపాలతో వచ్చారు. మర్యాదగానే వచ్చారు, చెప్పుకోవాలి. అన్నం తినేదాకా ఆగమంటే ఆగారు. సరిగ్గా నాలుగడుగుల దగ్గర గీత గీసి కోసుకుంటూ పోయారు. బైరాగి చిన్నాన్న స్టూలు మీంచి లేచి, కోస్తున్న వెదురు ఊగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. పనివాళ్లకు సాయం చెయ్యకుండా కూర్చోవడం ఆయనకు తెలియదు. వద్దు మావా అని చిన్నమ్మ ఒకసారి అంది, ఇంక అనలేదు. రెండు గుంజలు మాత్రం వాళ్లు ఏడడుగులూ ఉంచేశారు. కాగితంలో ఉన్నాయి కదా, తాడు కట్టుకోండి అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇంజను కూసింది. ఆమె పొయ్యి దగ్గరుంది. నీళ్ల బిందె దించి వెనక్కి తిరిగేసరికి స్టూలు ఖాళీ. ఆమె కేక నాకు బడిదాకా వినబడింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆయన పట్టాల మధ్య నిలబడి, దొర్లుకుంటూ వస్తున్న మూడు వేగన్లకు పచ్చగుడ్డ ఊపుతున్నాడు, రండి రండి అని. చిన్నమ్మ ఆయన నడుము పట్టుకుని వెనక్కి పడింది. ఇద్దరూ కంకర మీద పడ్డారు. వేగన్లు ఆమె చీర చెంగు మీదుగా పోయాయి. చెంగు సగం అక్కడే ఉండిపోయింది.

రెండు రోజులు మూట అప్పగించడానికి పోలేదు, ఆయన పక్కనే కూర్చుంది. మూడో రోజు కార్ఖానా నుంచి మనిషి వచ్చాడు. మూట ఈ పూట రాకపోతే పని వేరేవాళ్లకు ఇస్తామని చెప్పి పోయాడు.

ఆరోజు శనివారం, ఒంటిపూట బడి. తిరిగొస్తూ వాళ్ల పెరట్లోకి చూశాను. చిన్నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన నడుముకు పాత చీర గుడ్డ నాలుగు పొరలు చుట్టి ఉంది, ఒరుసుకుపోకుండా. దాని మీద నైలాన్ తాడు. తాడు రెండో కొస గుంజకుంది. నీళ్ల కుండదాకా అందుతుంది, నీడదాకా అందుతుంది, దడిదాకా అందదు. చిన్నమ్మ ముడి బిగించి లేస్తోంది. పక్కన షర్టుల మూట.

“ఇదేం పని చిన్నమ్మా? మనిషిని గొడ్డును కట్టినట్టు కడతావా?” అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినబడింది.

ఆమె నా వంక తిరిగింది. “మరేటి సెయ్యమంటావు? నువ్వు సెప్పు. సదువుకున్నోడివి గదా, సెప్పు. నువ్వు సెప్పినట్టు సేస్తాను” అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. రోజంతా నోరు పారేసుకునేవాణ్ని, వంగి ముడి బిగుతు చూశాను. బైరాగి చిన్నాన్న తాడును వేళ్లతో పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత ఆమెను చూశాడు.

“ఒలే, నానేటి తప్పు సేసినాను?” అని అడిగాడు.

చిన్నమ్మ ఆయన నడుము దగ్గర గుడ్డ సర్దింది. ఆయన జవాబు కోసం ఓపిగ్గా నిలబడ్డాడు. అవతల ఎక్కడో ఇంజను కూసింది. ఆయన ఒక అడుగు వేశాడు, తాడు బిగిసింది, ఆగి మళ్లీ ఆమెనే చూశాడు.

“తప్పు నేదు మావా. ఆర్డరొచ్చింది” అంది.

“ఆర్డరా?” ఆయన నడుము నిటారయింది. “ఏదీ కాయితం?”

ఆమె లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచి తెచ్చింది. కాగితం తీసి ఆయనకివ్వలేదు, నా చేతిలో పెట్టింది. “సదువు మేస్టారూ” అంది. నేను చదవనని అనాలనుకున్నాను. ఆమె కళ్లు చూశాక అనలేకపోయాను. మొదటి నుంచి చివరిదాకా చదివాను. పేరు, ఇంటి నంబరు, సాత్ ఫుట్, దొడి, మంజూరు చేయడమైనది. ఆయన రెండు చేతులూ పక్కలకు ఆనించి నిలబడి విన్నాడు. ఈ మధ్య ఎవరు చెప్పిందీ అంత శ్రద్ధగా విననేలేదు.

“సంతకం ఉన్నాదా?”

“ఉంది చిన్నాన్నా.”

“సీలు?”

“అదీ ఉంది.”

“అయితే సరే” అని స్టూలు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ మూట నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచింది. ఆమె కనుమరుగయ్యాక ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

“నా బదులు మనిసి ఒచ్చీదాకా నాను కదలను. ఎవుల్ని పంపుతున్నారో ఆపీసులో అడిగి సెప్పు” అన్నాడు.

అడుగుతాను చిన్నాన్నా అన్నాను.